డబ్బాలో దమ్ముందా?

గుర్రమంత బలమంటూ అశ్వగంధ చూర్ణం... హిమాలయాల ఊపిరంటూ పుట్టగొడుగుల క్యాప్సూళ్లు... పరుగుకు తయారయ్యే పిల్లల సంచుల్లో ఇప్పుడు బూట్లతోపాటు ఇవీ కనిపిస్తున్నాయి. వీటితో నిజంగానే దమ్ము పెరుగుతుందా? అలసట తొందరగా తీరుతుందా?

తెల్లవారుజామున ఐదింటికి నల్లగొండ మేకల అభినవ్ స్టేడియం వైపో, మహబూబ్‌నగర్‌లో ఏదైనా కాలేజీ మైదానం వైపో వెళ్తే చాలు. చీకటి ఇంకా విడిపోకముందే పరుగులు మొదలైపోయి ఉంటాయి. పతకాల కోసం పరిగెత్తేవాళ్లు వాళ్లలో కొందరే. ఎక్కువమందిది ఉద్యోగాల పరుగు. 2022 ప్రకటన కింద జరిగిన తెలంగాణ పోలీసు నియామకాల్లో అబ్బాయిలు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాల్సి వచ్చింది. సైన్యంలో అగ్నివీరులు కావాలంటే ఇంకా గట్టి పరీక్ష. 1.6 కిలోమీటర్లను అయిదున్నర నిమిషాల్లో ముగిస్తేనే 60కి 60 మార్కులు!

పది సెకన్లు తగ్గితే ఇంటికో ఉద్యోగం. పది సెకన్లు పెరిగితే మళ్లీ కోచింగు, మళ్లీ హాస్టలు ఫీజు, ఊళ్లో అమ్మానాన్నలకు మళ్లీ అప్పు. ఆ పది సెకన్లనే డబ్బాలో పెట్టి అమ్ముతామంటాయి ప్రకటనలు. అశ్వగంధ, శిలాజిత్తు, జిన్సెంగ్, కార్డిసెప్స్... పేర్లు కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. ధరలు వందల్లో మొదలై వేలల్లోకి వెళ్తాయి. 'మూలికలే కదా, పనిచేస్తే చేస్తుంది, లేకపోతే లేదు. నష్టమేముంది?' అనుకుని ఇంట్లోవాళ్లూ డబ్బు సర్దుతారు.

నష్టం ఉంది. ఆ సంగతి తర్వాత. ముందు ఇవి పనిచేస్తాయా లేదా అన్నది చూడాలి.

పురుగులో పుట్టిన పుకారు

పుట్టగొడుగులకు పరుగుతో బంధుత్వం కలిపింది చైనా. 1993 ఆగస్టులో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. అంతకుముందు పెద్దగా ఎవరికీ తెలియని చైనా అమ్మాయిలు మహిళల 1500, 3000, 10,000 మీటర్ల బంగారు పతకాలన్నీ ఊడ్చుకుపోయారు. మరుసటి నెల బీజింగ్‌లో వాంగ్ జున్‌షియా 10,000 మీటర్లను 29 నిమిషాల 31.78 సెకన్లలో పరిగెత్తింది. పాత ప్రపంచ రికార్డు కంటే ఏకంగా 42 సెకన్లు తక్కువ! ఆ రికార్డును 2016 రియో ఒలింపిక్స్ దాకా ఎవరూ అందుకోలేకపోయారు.

రహస్యం ఏమిటని అడిగితే కోచ్ మా జున్‌రెన్ చెప్పిన జవాబు... తాబేలు రక్తం, గొంగళిపురుగు మీద మొలిచే పుట్టగొడుగు!

ఆ పుట్టగొడుగే కార్డిసెప్స్. హిమాలయాల్లో, టిబెట్ పీఠభూమిలో మంచు కరిగే కాలంలో దొరుకుతుంది. నేలలో ఉండే ఒక రకం గొంగళిపురుగు ఒంట్లోకి ఈ శిలీంధ్రం చేరి, దాన్ని లోపలినుంచి తినేసి, తలలోంచి గోధుమరంగు పుల్లలా పైకి లేస్తుంది. ఉత్తరాఖండ్ కొండల్లో 'కీడా జడి' అంటారు. కిలో లక్షల్లో పలుకుతుంది. అందుకే మామూలు క్యాప్సూళ్లలో ఉండేది ఆ అడవి సరుకు కాదు. ప్రయోగశాలలో పెంచిన శిలీంధ్రం, లేదా దాని చుట్టం కార్డిసెప్స్ మిలిటారిస్. బియ్యం వంటి ధాన్యం మీద పెంచి, ఆ ధాన్యంతో సహా పొడి చేస్తే డబ్బాలో పుట్టగొడుగు ఎంతో, పిండి ఎంతో కొన్నవాడికి తెలిసే దారే లేదు.

చైనా కథకు ముగింపు వేరుగా ఉంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కు ముందు రక్తపరీక్షలు జరిగాక మా జున్‌రెన్ శిష్యురాళ్లు ఆరుగురు చైనా జట్టుకు దూరమయ్యారు. తమతో బలవంతంగా ఉత్ప్రేరకాలు వాడించారని వాంగ్, ఆమె తోటివాళ్లు 1995లో రాసినట్టుగా చెబుతున్న ఉత్తరం ఒకటి 2016లో చైనా పత్రికల్లోకి వచ్చింది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ అమ్మాయిలు రోజుకు దాదాపు మారథాన్ అంత దూరం పరిగెత్తేవారని అప్పట్లోనే రాశారు. అంత పరుగునూ, ఆ ఉత్తరాన్నీ పక్కనబెట్టి పుట్టగొడుగు ఒక్కటే ఇప్పటికీ ప్రచారంలో మిగిలింది. అమ్మకానికి పనికొచ్చేది అదే కదా!

మరి శాస్త్రీయ పరీక్షలు ఏమన్నాయి? 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో బాగా శిక్షణ పొందిన 22 మంది సైక్లిస్టులకు అయిదు వారాలపాటు రోజూ మూడు గ్రాములకు పైగా కార్డిసెప్స్ ఇచ్చారు. ఏ తేడా లేదు. 2017లో అమెరికాలో మిలిటారిస్ రకం కలిసిన పుట్టగొడుగుల పొడిని రోజుకు నాలుగు గ్రాముల చొప్పున ఇచ్చి చూశారు. వారానికి పెద్దగా ఫలితం లేదు. మూడు వారాలు వాడినవాళ్లలో కొంత మెరుగుదల కనిపించింది. కానీ మొత్తం పాల్గొన్నదే 28 మంది, మూడు వారాలు కొనసాగింది అంతకంటే తక్కువమంది. పైగా వాళ్లు రోజూ మైళ్లకొద్దీ పరిగెత్తే ఆటగాళ్లు కారు. ఇంత చిన్న పరీక్షను చూపించి 'ఊపిరి పెంచే అద్భుతం' అని డబ్బా మీద అచ్చేయడం వ్యాపారమే తప్ప వైద్యం కాదు.

పెన్నేరు సంగతి వేరు

అశ్వగంధను మాత్రం ఇదే గాటన కట్టలేం. మన పల్లెల్లో పెన్నేరు గడ్డ అనేది దీన్నే. ఎండిన నేలల్లో, తక్కువ నీటితో పెరిగే చిన్న పొద. పచ్చి వేరు వాసన గుర్రం ఒంటి వాసనలా ఉంటుందని సంస్కృతంలో ఆ పేరు పెట్టారు. పాలలో కలిపి బలానికి ఇవ్వడం నాటువైద్యంలో ఎప్పటినుంచో ఉన్నదే.

దీనిమీద మనదేశంలోనే కొన్ని పరీక్షలు జరిగాయి. అమృత్‌సర్‌లో 40 మంది మేటి సైక్లిస్టులతో చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. సగం మందికి 500 మిల్లీగ్రాముల అశ్వగంధ రోజుకు రెండుసార్లు, మిగతా సగానికి ఉత్తుత్తి గుళికలు. ఎనిమిది వారాల తర్వాత అశ్వగంధ వాడినవాళ్లు ట్రెడ్‌మిల్ మీద ఎక్కువసేపు నిలబడ్డారు. గరిష్ఠంగా పరిగెత్తేటప్పుడు శరీరం నిమిషానికి ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో చెప్పే 'వీఓటూ మ్యాక్స్' అనే కొలత కూడా పెరిగింది. దమ్ముకు దగ్గరి కొలత ఇదే. ఇలాంటి పరీక్షలన్నీ కలిపి 2020లో పరిశీలించినవాళ్లు కూడా అశ్వగంధకు అనుకూలంగానే చెప్పారు. నిద్ర కొద్దిగా మెరుగుపడుతుందని ఇంకొన్ని అధ్యయనాలు అంటున్నాయి. అలసట తీరడానికి నిద్రకు మించింది లేదు కాబట్టి అదీ లాభమే.

అయితే ఆ పరీక్షల సంఖ్య చాలా తక్కువ. ఒక్కోదానిలో ఉన్నవాళ్లు పదుల్లోనే. కొన్నింటికి సరుకు ఇచ్చింది తయారీ సంస్థలే. ఇక పరుగు సమయం ఎన్ని సెకన్లు తగ్గిందన్నది సూటిగా కొలిచినవి ఇంకా తక్కువ. అందుచేత 'పనిచేయొచ్చు, కొద్దిగా' అనడం దాకా సరే. అంతకు మించి చెప్పేవాళ్లను నమ్మక్కర్లేదు.

జిన్సెంగ్ పరిస్థితి అంతకంటే దిగదుడుపు. 1997లో 36 మంది మగవాళ్లకు ఎనిమిది వారాలు ఇచ్చి చూస్తే ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవాళ్లకూ వీళ్లకూ తేడాయే కనిపించలేదు. పసుపులోని కుర్‌క్యుమిన్ సారాన్ని పెద్ద మోతాదులో తీసుకుంటే కఠిన వ్యాయామం తర్వాత కండరాల నొప్పి కాస్త తగ్గుతుందంటారు. అది కూరలో వేసే చిటికెడు పసుపుతో వచ్చేది కాదు.

'మా ఫ్రెండ్ వాడాడు, టైమింగ్ తగ్గింది' అనే మాట మైదానాల్లో మామూలే. అబద్ధం కాకపోవచ్చు. 2006లో బ్రిటన్‌లో ఒక సరదా ప్రయోగం జరిగింది. కొందరు సైక్లిస్టులకు 'ఈరోజు కెఫీన్ ఇస్తున్నాం', 'ఈరోజు ఎక్కువ కెఫీన్', 'ఈరోజు ఉత్తుత్తి మాత్ర' అని చెప్పి ఒక్కోరోజు ఒక్కోటి ఇచ్చారు. నిజానికి అన్ని రోజులూ ఇచ్చింది ఉత్తుత్తి మాత్రలే! అయినా ఎక్కువ కెఫీన్ తీసుకున్నామని నమ్మిన రోజు వాళ్ల సత్తా మూడు శాతం దాకా పెరిగింది. ఉత్తుత్తిదని తెలిసిన రోజు తగ్గింది. నమ్మకం కాళ్లకు బలమిస్తుంది. కాకపోతే దానికోసం వేలకు వేలు పోయనక్కర్లేదు.

లేబుల్ మీద లేనిది

ఇప్పుడు నష్టం సంగతి. 2011 వేసవిలో దేశాన్ని కుదిపేసిన ఉదంతం గుర్తుండే ఉంటుంది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో, గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన మహిళల 4x400 మీటర్ల రిలే జట్టు బంగారు పతకాలు తెచ్చింది. ఏడాది తిరక్కుండానే ఆ జట్టులోని అశ్విని అక్కుంజి, మన్‌దీప్ కౌర్, సినీ జోస్‌లతోపాటు మొత్తం ఆరుగురు క్వార్టర్‌మైలర్లు డోప్ పరీక్షల్లో విఫలమయ్యారు. వాళ్ల శరీరాల్లో స్టెరాయిడ్లు బయటపడ్డాయి. 'మేం తెలిసి ఏదీ తీసుకోలేదు. ఉక్రెయిన్ కోచ్ యూరీ ఒగొరొద్నిక్ చైనాలో కొని తెచ్చిన జిన్సెంగ్ వాడాం' అన్నది వాళ్ల వాదన. కోచ్‌ను తొలగించారు. అమ్మాయిలకు మొదట ఏడాది నిషేధం పడింది. 2012 జులైలో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాన్ని రెండేళ్లు చేసింది. ఏ వయసులో పరిగెత్తాలో ఆ వయసులోనే రెండేళ్లు పోయాయి.

ఇక్కడ నియమం కఠినమైంది. ఒంట్లో ఏది దొరికినా జవాబుదారీ ఆటగాడిదే. ఎవరిచ్చారు, డబ్బా మీద ఏం రాసి ఉంది అన్నవి శిక్ష తగ్గించడానికి పనికొస్తే పనికిరావచ్చు, తప్పించుకోవడానికి కాదు. అశ్వగంధ, కార్డిసెప్స్, జిన్సెంగ్ ఏవీ నిషేధిత జాబితాలో లేవు. ప్రమాదం వాటిలో కలిసేదానితోనే. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిధులతో 13 దేశాల్లో కొన్న 634 సప్లిమెంట్లను జర్మనీలోని కొలోన్‌లో పరీక్షిస్తే 94 డబ్బాల్లో లేబుల్ మీద రాయని హార్మోన్ పదార్థాలు దొరికాయి. ఆ వివరాలు 2004లో ప్రచురితమయ్యాయి. అంటే దాదాపు ఏడింటిలో ఒకటి! పొడి రెండు రోజుల్లోనే 'అద్భుతంగా' పనిచేస్తోందంటే సంతోషించాల్సిన పనిలేదు, అనుమానించాలి.

పైకి కనిపించనిది ఒంటిని ఏం చేస్తుందో నల్లగొండ వాళ్లకు ఒకరు చెప్పాలా! తేటగా, తియ్యగా ఉన్న బోరు నీళ్లే తరాల తరబడి ఎముకల్ని వంచేశాయి. నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని కంటికి తెలియదు, నాలుకకు తెలియదు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. పటికా సున్నం వేసి దాన్ని తొలగించే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అన్న పేరు వచ్చింది ఆ జిల్లా వల్లే. చూర్ణాల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ ఉన్నా అంతే, కంటికి కనిపించవు. 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్ని పరీక్షిస్తే 14 వాటిలో ఈ లోహాలు బయటపడ్డాయి.

కలుషితం కాని మూలికతో కూడా ఒక్కోసారి చిక్కే. ఐస్‌లాండ్, అమెరికాలలో అశ్వగంధ వాడిన అయిదుగురికి కాలేయం దెబ్బతిన్నట్టు 2020లో వైద్యులు నివేదించారు. మానేశాక కోలుకున్నారు. డెన్మార్క్ 2023లో అశ్వగంధను నిషేధించింది. వేరుకు బదులు ఆకులు కలిపే అలవాటు పెరగడంతో, ఆకులు వాడొద్దని మన ఆయుష్ శాఖ 2021లో తయారీదారులకు సూచించింది. కరోనా రోజుల్లో ఇంటింటా కషాయం కాచిన తిప్పతీగ విషయంలోనూ ముంబయి వైద్యులు ఆరుగురి కాలేయ సమస్యల్ని 2021లో ప్రచురించారు. అది అసలు తిప్పతీగ కాదేమో, అలాగే ఉండే మరో తీగేమోనని ఆయుష్ శాఖ అభ్యంతరం చెప్పింది. అదే నిజమనుకున్నా, పొడి చేశాక ఏ తీగ ఏదో గుర్తుపట్టేదెవరు?

పది సెకన్లు ఎక్కడున్నాయి?

రెండు నిమిషాలు దాటిన ఏ పరుగైనా ప్రధానంగా ఆక్సిజన్ మీద నడుస్తుంది. ఆ ఆక్సిజన్‌ను ఊపిరితిత్తుల నుంచి కాళ్ల కండరాల దాకా మోసేది రక్తంలోని హిమోగ్లోబిన్. ఆడపిల్లలకు డెసిలీటరుకు కనీసం 12 గ్రాములు, మగపిల్లలకు 13 ఉండాలి. 12 ఉండాల్సిన అమ్మాయికి 10 మాత్రమే ఉందనుకుంటే, రక్తం మోయగలిగే ఆక్సిజన్‌లో ఆరో వంతు పరుగు మొదలుపెట్టకముందే పోయినట్టు. ఏ అశ్వగంధా, ఏ పుట్టగొడుగూ ఆ లోటు పూడ్చలేదు.

ఈ లోటు అరుదైనదేం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే మైదానంలో పరిగెత్తే అమ్మాయిల్లో ఎంతోమంది రక్తం తక్కువతోనే పరిగెత్తుతూ ఉండొచ్చు. 'దమ్ము చాలట్లేదు' అని కోచ్ అంటాడు. ఇంట్లోవాళ్లు పొడి డబ్బా కొంటారు. రక్తపరీక్ష మాత్రం ఎవరికీ గుర్తురాదు.

ఇనుము తిరిగి చేరితే ఏమవుతుందో 1970ల్లోనే తేలింది. శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసే ఆడకూలీలను శాస్త్రజ్ఞులు ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూశారు. హిమోగ్లోబిన్ తక్కువున్నవాళ్లు ముందే చేతులెత్తేశారు. ఇనుము అందించాక రక్తహీనత ఉన్న కూలీలు కోసిన ఆకు పెరిగింది. పందేలు, పతకాలు కాదు, రోజుకూలీ మీద కనిపించిన తేడా అది.

కూలీ అంటే గుర్తొచ్చేది పాలమూరే. మట్టిపనికీ రాతిపనికీ పాలమూరు లేబరు పేరు రాష్ట్రాలు దాటింది. 1955లో పునాదిరాయి పడి, 1967లో కాలువలకు నీళ్లొదిలిన నాగార్జునసాగర్ ఆనకట్టకు రాళ్లు మోసింది యంత్రాలకంటే ఎక్కువగా మనుషులే. ఆ రోజుల్ని మెచ్చుకోవాల్సిన పనిలేదు, గతిలేక చేసిన కష్టమది. కానీ అప్పటి తిండిని మాత్రం ఒకసారి చూడాలి. జొన్నరొట్టె, గటక, అంబలి, సజ్జరొట్టె. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల సజ్జల్లో 6.4 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. జొన్నల్లో దాదాపు 4. పాలిష్ పట్టిన బియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా లేదు, 0.65 మాత్రమే. రొట్టె పోయి మూడు పూటలా తెల్లన్నం వచ్చిన ఇంట్లో పోయిందేమిటో ఈ అంకెలే చెబుతాయి.

ధాన్యాల్లోని ఇనుము ఒంటికి తేలిగ్గా పట్టదు, నిజమే. విటమిన్ సి తోడైతే పడుతుంది. నకిరేకల్ నిమ్మకాయ మార్కెట్టూ, నల్లగొండ బత్తాయి తోటలూ పక్కనే ఉండగా దానికి వేరే మాత్ర ఎందుకు? పప్పులో నిమ్మరసం పిండుకున్నా, తోటకూరతోపాటు ఉసిరి తొక్కు నంజుకున్నా పని జరుగుతుంది. మాంసం తినే ఇళ్లలో కార్జం ఉండనే ఉంది, అందులోని ఇనుము ఇంకా బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే మాత్రం వచ్చిన ఇనుమును చాలావరకు టీయే లాగేసుకుంటుంది. ఓ గంట ఆగాలి. హిమోగ్లోబిన్ బాగా తక్కువుంటే తిండితోనే సరిపోదు, డాక్టరు చెప్పిన మోతాదులో ఇనుము మాత్రలు వేసుకోవాలి. పరీక్ష లేకుండా మాత్రలు మింగడమూ మంచిది కాదు. ఈ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

పరుగు తర్వాత కోలుకోవడానికీ పెద్ద రహస్యాలు లేవు. అరటిపండు, ఉడికించిన శనగ గుగ్గిళ్లు, గుడ్డు, పల్లీపట్టి... వనపర్తి, గద్వాల పల్లీలకు కరవా! ఎండలో పోయిన ఉప్పూ నీళ్లూ తిరిగి చేరడానికి ఉప్పేసిన మజ్జిగ. ఎనిమిది గంటల నిద్ర. ఒంటి కండ కోసం ప్రొటీన్ పొడులు వద్దని జాతీయ పోషకాహార సంస్థే 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో చెప్పింది.

పరుగుకు నిజంగా పనికొచ్చేవి అసలే లేవా అంటే, కొన్ని ఉన్నాయి. ఒలింపిక్ కమిటీ నిపుణుల బృందం 2018లో తేల్చిన చిట్టా చాలా చిన్నది. కెఫీన్, క్రియాటిన్, బీట్‌రూట్‌లో ఉండే నైట్రేట్, ఇంకో రెండు. మూలికలకూ పుట్టగొడుగులకూ అందులో చోటు దక్కలేదు. వాటిలో బీట్‌రూట్ కూరగాయల బండి మీదే దొరుకుతుంది. పరుగుకు రెండు మూడు గంటల ముందు రసం తాగాలి. మొదటిసారి తాగడం మాత్రం పరీక్ష రోజున కాకుండా సాధన రోజుల్లో అయితే మేలు. కడుపు ఒప్పుకుంటుందో లేదో తెలియాలి కదా.

ఇంత విన్నాక కూడా అశ్వగంధ వాడి చూడాలనుకునేవాళ్లు ఉంటారు. ముందు రక్తపరీక్ష. తర్వాత లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ స్పష్టంగా ఉన్న, వేరు మాత్రమే వాడిన సరుకు. పది మూలికలు కలిపిన మిశ్రమాలు వద్దు, తేడా వస్తే ఏది కారణమో తెలియదు. థైరాయిడ్, కాలేయ సమస్యలున్నవాళ్లు, గర్భిణులు ముట్టకూడదు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. జాతీయ స్థాయి పోటీలకు వెళ్లేవాళ్లయితే, నిషేధిత పదార్థాల కోసం బ్యాచ్ బ్యాచ్‌కూ పరీక్షించిన సరుకు తప్ప మరొకటి నోట్లో వేసుకోకూడదు.

పుట్టగొడుగులంటారా? తొలకరి వానలు పడి ఉరుములు ఉరిమాక పాలమూరు పల్లెల్లో పుట్టకొక్కులు లేస్తాయి. తెలిసినవాళ్లు ఏరి తెచ్చి అమ్మితే ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి కూర వండుకోవచ్చు, జొన్నరొట్టెలోకి బాగుంటుంది. తెలియనివాళ్లు సొంతంగా ఏరితే మాత్రం విషపు రకాలు కలిసే ప్రమాదం ఉంది.